తూకానికి రాని బ్లింప్

మా పాలిటెక్నిక్‌లో ఒక వస్తువు ఉందో లేదో తేల్చేది కళ్లు కావు, కాటా. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది తెలియకపోతే ఇందుమతి దొంగ ఎలా అయిందో మీకు బోధపడదు. బోధపడ్డాక కూడా మీరు నమ్మకపోవచ్చు, అది మీ ఇష్టం. ఆ విచారణ కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. సంతకాలు పెట్టినవాణ్ణి గనక నాకు నమ్మక తప్పలేదు.

కాటా ఆచారం పుట్టింది వర్క్‌షాపులో. ఫిట్టింగు క్లాసులో పిల్లలు ఇనుప ముక్కని ఆకురాయితో రాస్తారు. ఇచ్చేముందు ముక్కని తూస్తారు, రాశాక మళ్లీ తూస్తారు, తగ్గినంత రజను ఊడ్చి డబ్బాలో పోసి స్టోర్సుకి అప్పజెప్పాలి. ఏ కాలంలోనో ఎవరో ఇనుము గోనెసంచుల్లో దాటించేశారట, అప్పట్నించీ ఈ కట్టుబాటు. తరవాత అది వడ్రంగం షెడ్డుకి పాకి రంపప్పొట్టు తూకానికొచ్చింది. కూర్మారావు గారు స్టోర్సు సూపరింటెండెంటు అయ్యాక సుద్దముక్కల దాకా వచ్చింది. బోర్డు మీద రాసేసిన సుద్దని ఎలా తిరిగివ్వమంటారండీ అని నేను లెక్కల క్లాసు వదిలేసి వెళ్లి మరీ అడిగితే, ఆయన కోప్పడకుండా డస్టరు తెచ్చి కాటా మీద పెట్టమన్నారు.

కూర్మారావు గారు నిఖార్సయిన మనిషి. ప్రభుత్వం వారి గుండుసూది కూడా ఇంటికి పట్టుకెళ్లి ఎరగరు. ఆయనతో వచ్చిన పెద్ద చిక్కు అదే. తినేవాడైతే ఏదో ఒకటి పెట్టి నోరు మూయించొచ్చు.

ఇలా ప్రశాంతంగా రజను తూసుకుంటూ బతుకుతున్న మా మీదికి హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తర్వు ఊడిపడింది. గగన నైపుణ్య పక్షోత్సవాలట. “నింగిని తాకు యువత అను మహత్తర లక్ష్యసాధనలో భాగముగా, ప్రతి ప్రభుత్వ పాలిటెక్నిక్ నందు స్థానికముగా లభ్యమగు సామగ్రితో, రిమోటు ద్వారా నియంత్రింపబడు బ్లింపు ఒకటి తయారుచేయబడి, జాయింట్ డైరెక్టరు వారి సమక్షమున ఎగురవేయబడవలెను. ఎగరని యెడల కారణములు తెలుపవలెను.” ప్రిన్సిపాల్ వైకుంఠరావు గారు దాన్ని స్టాఫ్ మీటింగులో చదివి, బ్లింపు అన్నచోట ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. పదం మారలేదు. అదేమిటో ఎవరికైనా తెలుసా అనడిగారు.

పర్మనెంటు వాళ్లం అందరం కిటికీలోంచి బయటికి చూశాం. ఎలక్ట్రానిక్సులో కాంట్రాక్టు లెక్చరరు ఇందుమతి చెయ్యెత్తింది. మా కాలేజీలో చెయ్యెత్తే అలవాటు కాంట్రాక్టు వాళ్లకే ఉంది పాపం. బ్లింప్ అంటే గ్యాసు నింపిన పొడుగాటి బెలూను, పొట్ట కింద చిన్న బుట్ట, బుట్టకి మోటార్లు, మన చేతిలో రిమోటు అని చెప్పింది. ఇంట్లో ఒకటి చేసి పిల్లల చేత నడిపించానని కూడా నోరు జారింది. ఇంకేముంది, ఆ క్షణం నుంచి బ్లింప్ బాధ్యత ఆమెది, పర్యవేక్షణ మాది.

ఇందుమతి సంగతి కొంచెం చెప్పాలి. చదువు చెప్పడంలో ఆమెకి వంక పెట్టడానికి లేదు. ఏటా ఆఖరి పరీక్షతో ఆమె ఉద్యోగం అయిపోతుంది. మళ్లీ ఉత్తర్వు ఎప్పుడొస్తే అప్పుడు ఉద్యోగం. ఒక ఏడు ఆగస్టుకొస్తుంది, ఒక ఏడు దసరా కూడా దాటిపోతుంది, ఒక్కోసారి మనిషినే మార్చేస్తారు. ఆ ఖాళీ నెలల్లో ఆమె ఇంటి వరండాలో మిక్సీలు బాగుచేస్తుంది. ఆమె దగ్గర డిప్లొమా చదివిన పిల్లల తల్లులే మిక్సీలు పట్టుకొస్తారు. వాళ్లు మేడమ్ గారూ అంటూనే జారు చేతికిస్తుంటే ఎలా ఉంటుందో ఒకసారి నాతో చెప్పింది. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు. ఈసారి ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ మాటిచ్చారు. జేడీ గారి ఎదుట బ్లింప్ ఎగిరితే, ఆమెని కొనసాగించమని తన దస్తూరీతో సిఫార్సు రాస్తారు. ఎగరకపోతే కారణములు తెలుపుతారు. కారణం ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి మీటింగు మోటారు మీద. మెకానికల్ హెడ్ వీర్రాజు గారికి మోటార్ల మీద గట్టి అభిప్రాయాలున్నాయి. మోటారన్నాక ఎత్తితే భుజం లాగాలి అంటారాయన. వర్క్‌షాపులో అర హార్స్‌పవరు నీళ్ల మోటారుంది, రాగి చుట్ట, బండలా ఉంటుంది, దాన్ని బిగిస్తే బ్లింప్ ఒరిస్సా దాకా పోతుందన్నారు. ఇందుమతి కాగితం మీద లెక్క వేసి, ఆ మోటారునీ దాన్ని తిప్పే బాటరీలనీ లేపాలంటే బెలూను మన సెమినార్ హాలంత ఉండాలి సార్ అంది. సెమినార్ హాలు ఖాళీగానే ఉందిగా అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఎగరడానికి కూడా ఆ హాలే కావాలి కదా సార్ అంది. అప్పుడు ఆలోచనలో పడ్డారు.

ఆమె చేతిసంచిలోంచి తీసి బల్ల మీద పోసిన మోటార్లు వేరుశనక్కాయలంత ఉన్నాయి. పిల్లలు పాడుచేసి పారేసిన బొమ్మ డ్రోన్లవి. వీర్రాజు గారు ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని, బరువే తెలియడం లేదని విచారంగా పక్కనపెట్టారు. ఇక బెలూను దేంతో చెయ్యాలన్న చర్చ వచ్చింది. తుపాను నాటి టార్పాలిన్ స్టోర్సులో బోల్డంత ఉందని కూర్మారావు గారు ఉదారంగా ప్రకటించారు. ఇందుమతి ఓపిగ్గా చెప్పుకొచ్చింది. రబ్బరు బెలూను తెల్లారేసరికి చప్పబడిపోతుంది, పాలిథిన్ బరువెక్కువ, గ్యాసూ నిలవదు. పుట్టినరోజులకి కడతారే, ఆ వెండి మెరుపు షీటు కావాలి, అంచులు ఇస్త్రీపెట్టెతో మెల్లిగా కాల్చి అతకాలి. బుట్టకి థర్మోకోల్ చాలు. గ్యాసు హీలియం, అదైతే నిప్పంటుకోదు.

“ఒక ఘనమీటరు గ్యాసు ఇంచుమించు కిలో మోస్తుంది సార్. షీటు, మోటార్లు, బాటరీ అన్నీ కలిపి ఆ కిలోకి లోపే ఉండాలి. ఇందులో ఎంత తేలికైతే అంత మంచిది” అంది.

ఎంత తేలికైతే అంత మంచిది అన్న మాట మా కాలేజీలో అంతకుముందు ఎవరూ అనలేదు. కూర్మారావు గారి మొహం చూశాను. ఆయనకి కిలో అన్న ఒక్క ముక్కే వినబడినట్టుంది, తల ఊపారు.

హీలియం సిలిండరుకి మంజూరు రావడానికే మా తల ప్రాణం తోకకొచ్చింది. అదేమైనా తినే పదార్థమా అని ఒక ఫైలు, ప్రభుత్వ గాలి ఉండగా ప్రైవేటు గాలి ఎందుకు కొనవలసి వచ్చెనో తెలుపుమని ఇంకో ఫైలు. ఆ సందులో ఇందుమతీ ఆమె క్లాసు పిల్లలూ బ్లింప్ చేసేశారు. కూర్మారావు గారు షీటు తూచి ఇచ్చారు, ఇందుమతి తెచ్చిన మోటార్లని కూడా స్టోర్సులో జమ చేసుకుని మరీ తూచి ఇచ్చారు, జిగురు కూడా తూచి ఇచ్చారు. ఆమె కత్తిరింపు ముక్కలన్నీ కవర్లో పెట్టి తిరిగిచ్చింది. గ్యాసు ఎక్కించకుండా మడతపెట్టిన బ్లింప్‌ని కాటా మీద పెడితే లెక్క ఇసుమంత తేడా లేకుండా సరిపోయింది. ఇంత నిక్కచ్చిగా అప్పజెప్పిన డిపార్టుమెంటు లేదు మాస్టారూ అని ఆయన నాతో మురిసిపోయారు.

తరవాత సిలిండరొచ్చింది, గ్యాసు నింపారు. జేడీ గారు వచ్చే ముందురోజు మధ్యాహ్నం, తయారైన వస్తువుని ఆఖరిసారి తూసి దఖలు పరచుకోవడానికి కూర్మారావు గారు కాటా మోయించుకుని సెమినార్ హాలుకొచ్చారు. బ్లింప్‌ని పట్టుకుని కాటా మీద పెట్టారు. ముల్లు కాదులెండి, ఇప్పుడు అంకెలు కదా, అంకె వెలిగింది. మీ చెయ్యి బరువు పడుతోందండీ, చెయ్యి తీయండి అంది ఇందుమతి. ఆయన చెయ్యి తీశారు. బ్లింప్ నెమ్మదిగా లేచి సీలింగుకి ఆనుకుంది. కాటా మీద సున్నా.

ఆయన కాటాని తట్టి చూశారు. ఇటుక పెట్టి చూశారు, ఇటుక బరువు సరిగ్గా చూపించింది. నిచ్చెన వేయించి బ్లింప్‌ని దింపించి మళ్లీ పెట్టారు, మళ్లీ పోయింది, మళ్లీ సున్నా. ఆ మనిషి మొహంలో నెత్తురు లేదు. ఎదురుగా వస్తువు కనబడుతోంది కదండీ అన్నాను నేను.

“కనబడుతోంది మాస్టారూ, కాదనను. తూకంలో లేదు. ఇచ్చింది కిలో లోపు సామాను, దాని మీద ఒక సిలిండరు గ్యాసు. ఉన్నది సున్నా. అంటే గ్యాసూ పోయింది, సామానూ పోయింది” అన్నారు.

ప్రిన్సిపాల్ గది వెంటనే కోర్టయింది. బరువు ఏమైందమ్మా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. గాలి మోస్తోంది సార్ అంది ఇందుమతి. గాలి మన సిబ్బంది కాదు కదమ్మా, సామాను నీ పేర ఇచ్చాం, గాలి పేర ఇవ్వలేదు అన్నారు వీర్రాజు గారు. నాకు ఒళ్లు మండిపోయి, ఇది తొమ్మిదో తరగతి పాఠం అండీ, తెలియకపోతే పుస్తకం తెప్పిస్తాను అన్నాను. ప్రిన్సిపాల్ గారు చల్లగా నవ్వి, తొమ్మిదో తరగతి మన పరిధిలోకి రాదు మాస్టారూ, అది స్కూలు విద్యాశాఖది అన్నారు.

చివరికి ఉపాయం వీర్రాజు గారే కనిపెట్టారు. బరువు తగ్గింది గనక బరువు పెంచాలి. బుట్టకి ఇనుప వాషర్లు గుచ్చి, రాయాల్సిన తూకం చూపించేదాకా గుచ్చుతూనే ఉండాలి. గ్యాసుకీ బరువుంటుంది గనక దానికి కూడా కలిపి గుచ్చారు. అప్పుడు కాటా మీద అంకె సరిపోయింది. కూర్మారావు గారి ప్రాణం లేచొచ్చింది. బ్లింప్ కాటా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, రిమోటు నొక్కితే మోటార్లు గుయ్‌మంటున్నాయి తప్ప అంగుళం కదలడం లేదు.

ఇందుమతి రిమోటు కింద పెట్టింది. అప్పుడు అంది. “వాషర్లు ఉంచితే ఎగరదు, నా ఉద్యోగం పోతుంది. తీస్తే ఎగురుతుంది, నేను దొంగనవుతాను. రెండింట్లో ఏది చెయ్యాలో ఒక ముక్క రాసివ్వండి సార్, అదే చేస్తాను.”

ఎవరూ రాసివ్వలేదు. సమయానుకూలంగా వ్యవహరించవలసింది అన్నారు ప్రిన్సిపాల్ గారు. అంటే ఏంటంటే, ఏమైనా నీదే పూచీ అని. ఆవిడ చీర కొంగు బొడ్లో దోపుకుని బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు జేడీ గారొచ్చారు. శాలువా కప్పాం, బొకే ఇచ్చాం, జ్యోతి వెలిగించమన్నాం. ఆయన ఒత్తులు అంటిస్తుంటే అందరూ అటు చూస్తుండగా ఇందుమతి వంగి వాషర్లు ఒక్కొక్కటే ఊడదీసి ఇత్తడి పళ్లెంలో పెట్టింది. పెడుతుంటే చప్పుడు కూడా చెయ్యలేదు. పక్కనే ఉండి నేను అంతా చూశాను, ఆపాలని అనిపించలేదు.

బ్లింప్ లేచింది. పిల్లల తలల మీంచి మెల్లిగా, ఏ తొందరా లేనట్టు సాగిపోయి, ఫ్యాన్లు ఆపేసిన హాల్లో గోడ దాకా వెళ్లి, తోక తిప్పుకుని వెనక్కొచ్చింది. ఆ శనక్కాయ మోటార్ల చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది హాలు. తరవాత ఒకటే చప్పట్లు. జేడీ గారు కుర్చీలోంచి లేచి నోరు తెరుచుకుని చూశారు. నాకైతే కళ్లు చెమ్మగిల్లాయి, సిగ్గేమీ లేదు చెప్పుకోడానికి. మా కాలేజీలో ఒక వస్తువు అది చెయ్యాల్సిన పని చెయ్యడం నేను సర్వీసులో చూడటం అదే మొదలు.

చప్పట్లు ఆగీ ఆగకముందే కూర్మారావు గారు కాటా పట్టుకుని స్టేజీ ఎక్కారు. జేడీ గారికి నమస్కారం పెట్టి, ప్రస్తుతం పైన తిరుగుతున్న వస్తువు స్టోర్సు లెక్క ప్రకారం లేదని విన్నవించుకున్నారు. వాషర్లు మాత్రం మేడమ్ పూర్తిగా అప్పజెప్పారని, ఆ విషయంలో లోపం లేదని కూడా చెప్పారు. అబద్ధం ఆడే మనిషి కాడు కదా. జేడీ గారు అంతా విన్నారు. పైకి చూశారు, కాటా వైపు చూశారు. చాలా అనుభవం ఉన్న అధికారి ఆయన.

“ఎగిరినందుకు అభినందనలు, లేనందుకు విచారణ. రెండూ వేరువేరు ఫైళ్లు, కలపకండి” అన్నారు.

అభినందనల ఫైలు ఎటు పోయిందో ఇప్పటికీ జాడ లేదు. విచారణ ఫైలు మాత్రం మర్నాడే నడక మొదలెట్టింది. ప్రిన్సిపాల్ గారు అధ్యక్షులు, వీర్రాజు గారూ నేనూ సభ్యులం. దొంగతనం కేసు పెండింగులో ఉన్న మనిషికి ఎలా రాస్తానండీ అని ప్రిన్సిపాల్ గారు సిఫార్సు మానేశారు. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆఖరి పరీక్ష రోజుతో ఇందుమతి వెళ్లిపోతుందని అందరికీ తెలుసు. ఆమె తన స్క్రూడ్రైవర్లూ సోల్డరింగు గన్నూ సర్దుకుంటోంది. ఈసారి మిక్సీలు కూడా రావేమో మాస్టారూ, దొంగ చేతికి ఎవరిస్తారు అంది నవ్వుతూ. ఆ నవ్వు చూడలేక వేరే పనున్నట్టు బయటికొచ్చేశాను.

ఆఖరి పరీక్ష నాడు హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. దాని సారాంశం ఇది. కాంట్రాక్టు ముగిసిన వ్యక్తి మీద శాఖాపరమైన విచారణ జరుపుటకు నిబంధనలు అనుమతించవు. కావున పోయిన బరువు పూర్తిగా స్టోర్సునకు చేరి విచారణ ముగియు పర్యంతము సదరు లెక్చరరు సేవలు యథాతథముగా కొనసాగించవలెను.

చదివి నేను మళ్లీ చదివాను. మా కాలేజీ చరిత్రలో వేసవి సెలవుల్లో కూడా ఉద్యోగంలో ఉన్న మొదటి కాంట్రాక్టు లెక్చరరు ఇందుమతే. సిఫార్సు చెయ్యలేని పని అనుమానం చేసింది. ఆవిడ కాగితం చేత్తో పట్టుకుని కుర్చీలో కూలబడిపోయింది. సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు మాస్టారూ అంది. జీతం పడ్డాక తేల్చుకుందాం లెమ్మన్నాను.

ఇక విచారణ. సోమవారం సోమవారం కూర్మారావు గారు బ్లింప్‌ని దింపి తూస్తారు, మేం ముగ్గురం సంతకాలు పెడతాం. కొన్నాళ్లు సున్నా వచ్చింది. ఆ తరవాత ఒక సోమవారం బ్లింప్ సీలింగు దాకా లేవలేదు, ఇంకో సోమవారం కాటా మీదే ఉండిపోయింది, అంకె కొంచెం పడింది. ఎంత మంచి షీటైనా గ్యాసు కారుతుంది కదా, అదీ సంగతి. కూర్మారావు గారు మాత్రం నన్ను వరండా చివరికి తీసుకెళ్లి గుసగుసగా చెప్పారు. భయపడినట్టుంది మాస్టారూ, పట్టుకెళ్లిన సామాను కొద్దికొద్దిగా తెచ్చి పెట్టేస్తోంది అని. పాపం ఆయన కళ్లలో జాలి కూడా కనిపించింది. వీర్రాజు గారైతే ఇది నేరాంగీకారమే అన్నారు. పూర్తి తూకం వచ్చిన నాడు కేసు రుజువైనట్టు రాసేసి ముగించేద్దామని ప్రిన్సిపాల్ గారు నిర్ణయించారు.

ఇందుమతికి విషయం నాకంటే ముందే అర్థమైంది. బ్లింప్ పూర్తి తూకానికి దిగిన రోజు కేసు ముగుస్తుంది, దాంతోపాటు ఆమె ఉద్యోగమూ ముగుస్తుంది. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండా కూర్చుంది. నాకు హీలియం కావాలి మాస్టారూ అంది. ఇందుమతి హీలియం అడిగితే ఎవడిస్తాడు? కమిటీ అడగాలి. ఆ మర్నాడు నేనే నోటు రాశాను. కేసుకి మూలాధారమైన వస్తువు విచారణ ముగియకుండానే తన స్థితిని కోల్పోతున్నదనీ, సాక్ష్యం చెడకుండా కాపాడుట కమిటీ బాధ్యత అనీ, అందుకు అవసరమైన గ్యాసు తక్షణం తెప్పించవలసిందనీ. బ్లింప్ ఎగరడానికి ఏ సిలిండరు కోసం నానా గడ్డీ కరిచామో, సాక్ష్యం కోసం అదే సిలిండరు ఆ వారంలోనే వచ్చి వాలింది. ఆడిట్ అభ్యంతరాలంటే ప్రిన్సిపాల్ గారికి అంత భయం.

గ్యాసు ఎక్కించారు. సోమవారం మళ్లీ సున్నా. కూర్మారావు గారు నిట్టూర్చారు. తెచ్చిపెట్టిన సామాను మళ్లీ పట్టుకుపోయింది, పైగా ఇంకో సిలిండరు గ్యాసు కూడా మాయమైంది. కేసు బలపడింది. బలపడిన కేసు తొందరగా తేలదు గనక హెడ్డాఫీసు వాళ్లు ఇందుమతి సేవల్ని మళ్లీ పొడిగించారు. ఇప్పుడిదే పద్ధతి. బ్లింప్ వాడిపోతుంది, మేం సాక్ష్యం కాపాడతాం, దొంగతనం పెరుగుతుంది, ఇందుమతి పాఠాలు చెప్పుకుంటుంది. మా దగ్గర ఇంత సవ్యంగా నడుస్తున్న వ్యవహారం ఇంకోటి లేదు.

మొన్న క్యాంటీన్లో టీ తాగుతుంటే సివిల్ డిపార్టుమెంటు దాలినాయుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. కాంట్రాక్టు లెక్చరరే, మెత్తని మనిషి. ఈ ఏడు ఆయన కొనసాగింపు ఉత్తర్వు ఇంకా రాలేదు. ఊరికే వచ్చి పాఠాలు చెప్పి పోతున్నాడు, వస్తుందన్న ఆశతో. టీ గ్లాసు తిప్పుతూ చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“మాస్టారూ, మీరు కమిటీలో ఉన్నారు కదా. నా మీద కూడా ఏదైనా ఒక అనుమానం పెట్టించండి. చిన్నదైనా ఫరవాలేదు. తొందరగా తేలనిది చూడండి.”

హాస్యమాడుతున్నాడేమో అనుకుని మొహం చూశాను. ఆడటం లేదు. సరే ఆలోచిద్దాం, మీకు స్టోర్సు నుంచి ఏమేం ఇచ్చారు అనడిగాను. సర్వే గొలుసు, ఇనుప అచ్చులు, కాంక్రీటు దిమ్మలు అని వేళ్ల మీద చెప్పుకొచ్చాడు. అన్నీ ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయట, ప్రతి శనివారం తనే తుడిచి పెడతాడట, ఒక్క మేకు కూడా తగ్గలేదట. చెప్తూ చెప్తూ ఆయన గొంతు దిగిపోయింది. అంత నిజాయితీ గల మనిషికి ఉద్యోగం ఎలా నిలబెట్టాలో నాకు తోచలేదు.